క్షమించాను, కానీ మళ్లీ నమ్మలేకపోతున్నాను. ఇది దేవుని వాక్యానికి విరుద్ధమా?

వానచినుకు
అందరికీ వందనాలు. కొన్ని నెలలుగా లోపల నలుగుతున్న సంగతి. తెలిసినవాళ్లతో చెప్పుకునే ధైర్యం పోయింది కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మా సంఘంలో నాకు బాగా దగ్గరైన సిస్టర్ ఒకరున్నారు. పదేళ్ల స్నేహం. నా భర్తకు వచ్చిన మానసిక అనారోగ్యం గురించి, ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య జరిగిన గొడవల గురించి ఒకరోజు ఏడుస్తూ ఆమెకు చెప్పాను. వారం తిరక్కుండానే అది స్త్రీల కూడికలో ప్రార్థన విన్నపం అయింది. మా ఆయన పేరుతో, వివరాలన్నిటితో. నేను ఆ రోజు వెళ్లలేదు. తర్వాతి ఆదివారం నలుగురైదుగురు నా చెయ్యి పట్టుకుని "మీ ఆయన కోసం ప్రార్థిస్తున్నామమ్మా" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆయన పక్కనే ఉన్నారు. ఆ రోజు నుంచి ఆయన మందిరానికి రావడం మానేశారు.

ఆమె మీద పగ లేదు. ఆమెకు కీడు జరగాలని కోరుకోను. ఆమె కొడుకు జ్వరంతో పడుకుంటే మోకరించి ప్రార్థించాను. కానీ ఇంకెప్పుడూ నా ఇంటి సంగతి ఆమెకు చెప్పను, చెప్పలేను. ఇది చూసి పెద్దవాళ్లు "డెబ్బది ఏళ్ల మారులు (డెబ్బై ఏడులసార్లు) క్షమించమన్నాడు కదా ప్రభువు, మునుపటిలా ఉండమ్మా" అంటున్నారు. మునుపటిలా ఉండకపోతే నేను క్షమించనట్టేనా? ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పుచ్చుకునే ఆరాధన) దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఈ ప్రశ్న గొంతుకు అడ్డుపడుతోంది.

రెండోమైలు
సిస్టర్, మీ బాధ అర్థమైంది. అయినా నాకు తోచింది సూటిగానే చెబుతాను, తప్పుగా అనుకోవద్దు. "క్షమించాను కానీ" అన్న మాటలో ఆ "కానీ" నాకు భయం కలిగిస్తుంది.

మత్తయి 18లో ఉపమానం చూడండి. ఒక దాసుడు రాజుకు పదివేల తలాంతులు అచ్చియున్నాడు, అంటే బాకీపడ్డాడు. ఒక తలాంతు అంటే ఆరువేల దేనారాలు. దేనారం ఒక కూలివాడి ఒక్కరోజు కూలి (మత్తయి 20లో ద్రాక్షతోట పనివాళ్లకు ఒప్పుకున్న కూలి అదే). లెక్క వేస్తే ఆరు కోట్ల దేనారాలు. ఏడాదికి మూడు వందల రోజులు పనిచేసినా తీరడానికి రెండు లక్షల సంవత్సరాలు పడుతుంది. అంత అప్పు కొట్టివేయించుకున్నవాడు బయటికి వచ్చి, తనకు నూరు దేనారాలు అచ్చియున్నవాడి గొంతు పట్టుకున్నాడు. మనమందరం ఆ మొదటి దాసుడి స్థానంలో ఉన్నవాళ్లం. ఆ ఎరుక ఉంటే "మళ్లీ నమ్మను" అని ఎలా అనగలం?

పాతచెట్టు
రెండోమైలు గారూ, లెక్క బాగా చెప్పారు. నేను ముప్పై ఏళ్లు సండే స్కూల్లో ఈ ఉపమానం చెప్పాను. చాలా ఏళ్లు మీలాగే చెప్పాను కూడా. తర్వాత ఒక సంగతి గమనించాను. నూరు దేనారాలంటే సున్నా కాదు. నూరు రోజుల కూలి. మూడు నెలలకు పైగా ఒక మనిషి ఒంటిమీద చెమట. ప్రభువు అక్కడ ఏ చిల్లర నాణెమో పెట్టి ఉంటే "ఇంత చిన్నదానికి గొడవేంటి" అని తేలిగ్గా అనేయవచ్చు. ఆయన అలా పెట్టలేదు. తోటివాడు మనకు అచ్చియున్నది నిజమైన అప్పే, బరువైన అప్పే అని ఒప్పుకునే ఆ కథ చెప్పాడు.

కాబట్టి వానచినుకు తల్లీ, నీకు జరిగింది చిన్నది అని ఎవరైనా అంటే అది ప్రభువు మాట కాదు. ముందు ఆ ఒక్క భారం దించుకో.

నిశ్శబ్దనది
నేను మామూలుగా చదివి వెళ్లిపోతాను, రాయను. ఈరోజు రాయకుండా ఉండలేకపోతున్నాను.

మా నాన్న మా అమ్మను కొట్టేవాడు. అమ్మ సంఘంలో ఎవరి దగ్గరికి వెళ్లినా ఒక్కటే జవాబు. "ఒక చెంప మీద కొడితే రెండో చెంప చూపమన్నాడు, ఓర్చుకో అమ్మా, నీ ఓర్పు చూసి మారతాడు." అమ్మ ఓర్చుకుంది. పద్దెనిమిదేళ్లు. ఆయన మారలేదు. అమ్మ ఎడమ చెవికి ఇప్పుడు వినబడదు. మేము పిల్లలం దేవుడంటే నాన్న వైపు ఉండేవాడు అనుకుంటూ పెరిగాం.

నేను మళ్లీ బైబిలు తెరవడానికి చాలా ఏళ్లు పట్టింది. తెరిచాక యోహాను 18:22, 23 దగ్గర ఆగిపోయాను. ప్రధాన యాజకుని ముందు ఒక బంట్రౌతు యేసును చెంపమీద కొట్టాడు. ఆయన రెండో చెంప తిప్పలేదు. "నేను కాని మాట ఆడితే అదేమిటో చెప్పు, మంచి మాట ఆడితే నన్నెందుకు కొడుతున్నావు" అని అడిగాడు. తిరిగి కొట్టలేదు, తిట్టలేదు, కానీ అడిగాడు. ఈ మాట మా అమ్మకు ఎవరైనా చూపించి ఉంటే!

క్షమించమని చెప్పేవాళ్లు దెబ్బ తిన్నవాళ్ల దగ్గరికే ఎందుకు ముందు వెళతారు? కొట్టినవాడి ఇంటికి ముందు ఎందుకు వెళ్లరు? వానచినుకు గారిని "మునుపటిలా ఉండు" అన్న పెద్దలు ఆ సిస్టర్‌ను పిలిచి "ఏం చేశావమ్మా నువ్వు" అని అడిగారా?

వానచినుకు
అడగలేదండీ. ఆమె "ప్రేమతోనే చెప్పాను, ప్రార్థన కోసమే" అందట. అక్కడితో అయిపోయింది.

మీ అమ్మగారి సంగతి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. నాది దాని ముందు చిన్నదే.

నిశ్శబ్దనది
చిన్నదీ పెద్దదీ అని కొలవొద్దక్కా. పైన పెద్దాయన చెప్పారు కదా.

అక్షరాలవెంట
భాష వైపు నుంచి కొంచెం చెబుతాను. నేను పండితుణ్ని కాదు, గ్రీకు నేర్చుకుంటున్న విద్యార్థిని.

కొత్త నిబంధనలో "క్షమించు" అని మనం చదివేచోట ఎక్కువగా ఉన్న క్రియ అఫియేమి. దాని మూలార్థం విడిచిపెట్టడం, వదిలేయడం. అప్పు కొట్టివేయడానికీ అదే మాట. మన తెలుగు బైబిల్లో పరలోక ప్రార్థన ఈ విషయాన్ని దాచకుండా చెబుతుంది: "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము మా ఋణములు క్షమించుము." అప్పు రద్దు చేయడమంటే ఇక ఆ మనిషి నుంచి వసూలు చేయను, గొంతు పట్టుకోను అని తేల్చుకోవడం. అదే మనిషికి రేపు మళ్లీ అప్పు ఇస్తానని ఆ మాటలో లేదు.

సమాధానపడటానికి వేరే క్రియ ఉంది. మత్తయి 5:24లో బలిపీఠం ముందు అర్పణ "విడిచిపెట్టి" వెళ్లి సహోదరునితో "సమాధానపడు" అన్నాడు. విడిచిపెట్టడం అన్నచోట ఈ అఫియేమియే ఉంది, సమాధానపడు అన్నచోట ఇంకో మాట. మొదటిది ఒక్కరు చేయగలరు. రెండోదానికి ఇద్దరు కావాలి.

నమ్మడం మూడోది. యోహాను 2:23, 24 పక్కపక్కన పెట్టి చూడండి. చాలామంది ఆయన చేసిన సూచకక్రియలు (అద్భుతాలు) చూసి ఆయన నామమందు విశ్వాసముంచారు. ఆ వెంటనే, యేసు మాత్రం తన్ను వారి వశం చేసుకోలేదు అని ఉంది. గ్రీకులో రెండుచోట్లా ఒకటే క్రియ: వాళ్లు ఆయన్ను నమ్మారు, ఆయన తనను వాళ్లకు అప్పగించుకోలేదు. ఎందుకంటే మనుష్యుని ఆంతర్యం ఆయనకు తెలుసు. వాళ్లను ప్రేమించలేదని ఎవరైనా అనగలరా? వాళ్ల కోసమే కదా చనిపోయాడు.

రెండోమైలు
అక్షరాలవెంట బ్రదర్, ఈ వివరణ నేను వినలేదు. ఆలోచిస్తాను. నిశ్శబ్దనది సిస్టర్, మీ అమ్మగారికి ఆ మాటలు చెప్పినవాళ్లలో నాలాంటివాడు కూడా ఉండి ఉండవచ్చు. చెప్పాను, ఒకరిద్దరికి. మంచి ఉద్దేశంతోనే చెప్పాను, కానీ వాళ్ల ఇంట్లో తలుపులు మూశాక ఏం జరిగేదో నేను అడగలేదు.

అయినా నాకు ఒక భయం మిగిలే ఉంది. ఇలా మూడుగా విడదీసుకుంటూ పోతే, ప్రతివాడూ "నేను విడిచిపెట్టాను, సమాధానం మాత్రం కుదరదు, నమ్మకం అసలే కుదరదు" అని తన గదిలో తలుపేసుకుని కూర్చునే ప్రమాదం లేదా? మనసు నొచ్చినవాడికి వాక్యం ఒక గోడలా మారకూడదు కదా.

పాతచెట్టు
ప్రమాదం ఉంది బాబూ. కాదనను. అందుకే ప్రభువు ఇంట్లో కూర్చోనివ్వడు, ఇద్దర్నీ లేపుతాడు. మత్తయి 5:23లో ఏముంది? నీ మీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని గుర్తొస్తే నువ్వు వెళ్లు. అంటే తప్పు చేసినవాడు వెళ్లాలి. మత్తయి 18:15లో ఏముంది? నీ సహోదరుడు నీ యెడల తప్పిదము చేస్తే నువ్వు వెళ్లు. అంటే తప్పు జరిగినవాడు వెళ్లాలి. ఇద్దరూ ఆ మాట విని బయల్దేరితే దారి మధ్యలో ఎదురుపడతారు. "ముందు వాళ్లు రావాలి" అనే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు ఆయన.

అయితే ఎలా వెళ్లమన్నాడో చూడండి. ఒంటరిగా, అతడూ నువ్వూ మాత్రమే ఉన్నప్పుడు. వినకపోతే ఒకరిద్దరితో. అదీ కాకపోతే సంఘానికి. మన దగ్గర చాలాసార్లు ఇది తలకిందులుగా జరుగుతుంది. ముందు సంఘానికి తెలుస్తుంది, తర్వాత ఒకరిద్దరు మాట్లాడుకుంటారు, సంబంధించిన మనిషికి అందరికన్నా ఆఖర్న తెలుస్తుంది.

గోధుమగింజ
నేను కతోలిక సంఘానికి చెందినదాన్ని. ఇతరుల గుట్టు విషయంలో సంఘం చాలా పాత కాలం నుంచి జాగ్రత్త పడుతూ వచ్చిందని చెప్పాలనిపించింది. ప్రజలు రాసి ఇచ్చిన పాపాల చిట్టాను అందరి ముందు చదివే అలవాటు కొన్నిచోట్ల ఉండేది. దాన్ని 459లో పోపు మొదటి లియో ఖండించి ఆపించాడు. గురువు (ఫాదర్) ముందు రహస్యంగా ఒప్పుకుంటే చాలు అన్నాడు. తర్వాత 1215లో నాలుగో లాటరన్ మహాసభ (కతోలిక సంఘ పెద్దల సభ) ఇంకా గట్టిగా చెప్పింది: పాప సంకీర్తనంలో, అంటే పాపాలు ఒప్పుకునేటప్పుడు, విన్నదాన్ని బయటపెట్టిన గురువును గురుత్వం నుంచి తొలగించి, జీవితాంతం ప్రాయశ్చిత్తం చేయడానికి మఠానికి పంపాలి అని. అంటే ఒక మనిషి కన్నీళ్లతో చెప్పిన మాట చెప్పినవాళ్ల సొత్తుగానే ఉండాలి, విన్నవాళ్ల సొత్తు కాకూడదు.

ప్రొటెస్టెంటుల్లోనూ ఇలాంటి పట్టింపు ఉంది. జర్మనీలో డీట్రిచ్ బాన్‌హోఫర్ అనే పాస్టరు 1935 నుంచి ఫింకెన్‌వాల్డే అనే చోట సేవకులకు శిక్షణ ఇచ్చాడు. 1937లో నాజీ పోలీసులు దాన్ని మూయించారు. అక్కడ ఉన్నవాళ్లకు ఆయన పెట్టిన నియమం ఏమిటంటే, ఎదుట లేని సహోదరుడి గురించి మాట్లాడకూడదు. పొరపాటున మాట్లాడితే ఆ సంగతి వెళ్లి అతనికే చెప్పాలి. ఒక్క వారం దీన్ని పాటించి చూడండి. నేను ప్రయత్నించాను. రోజుకు ఎన్నిసార్లు నోరు మూసుకోవాల్సి వచ్చిందో నాకే ఆశ్చర్యమేసింది.

తెరిచినకిటికీ
నేను క్రైస్తవుణ్ని కాదు. కానీ ఈ చర్చ నిన్నటి నుంచి చదువుతున్నాను. ఒకటి అడగవచ్చా? "నీ శత్రువును ప్రేమించు" అని మీ గ్రంథంలో ఉందని అందరికీ తెలుసు. మనసులో లేని ప్రేమ ఆజ్ఞ వేస్తే పుడుతుందా? అది నటన అవదా? తప్పుపట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నాను.

పాతచెట్టు
మంచి ప్రశ్న నాయనా. లేఖనం ప్రేమ గురించి చెప్పేటప్పుడు ఎక్కువగా చేతుల గురించి చెబుతుంది. నిర్గమకాండము 23:4, 5లో ఏముందంటే, నీ శత్రువు ఎద్దుగానీ గాడిదగానీ తప్పిపోయి నీకు కనిపిస్తే తోలుకెళ్లి అప్పగించాలి. నిన్ను పగబట్టినవాడి గాడిద బరువు కింద కూలబడితే చూసి వెళ్లిపోకుండా సాయం పట్టాలి. అక్కడ "వాణ్ని ఇష్టపడు" అని లేదు. బరువు ఎత్తేటప్పుడు ఇద్దరూ గాడిదకు చెరోవైపు నిలబడాలి కదా. మనసు తర్వాత కదలవచ్చు, కదలకపోవచ్చు. గాడిద మాత్రం లేస్తుంది.

సామెతలు 25:21 కూడా అంతే. నీ పగవాడు ఆకలిగొంటే భోజనం పెట్టు, దప్పిగొంటే నీళ్లు ఇవ్వు. పౌలు రోమా 12లో దాన్నే మళ్లీ ఎత్తి చెప్పాడు. వానచినుకు తల్లి ఆ సిస్టర్ కొడుకు కోసం మోకరించింది చూశావా, అది నటన అంటావా?

తెరిచినకిటికీ
అనను. ఆమె ప్రేమిస్తోందని నాకు అర్థమైంది. ఆమెకే ఆ సంగతి తెలియడం లేదేమో.

అక్షరాలవెంట
తెరిచినకిటికీ గారూ, ఇంకొక్కటి చేరుస్తాను. మంచి సమరయుని కథ మీరు వినే ఉంటారు, దెబ్బలు తిని దారిలో పడున్నవాణ్ని ఒక సమరయుడు ఆదుకున్న కథ, లూకా 10లో ఉంది. దానికి ముందు అధ్యాయం ఎవరూ కలిపి చదవరు. లూకా 9:51 నుంచి చూస్తే, యేసు యెరూషలేముకు వెళుతుంటే ఒక సమరయ గ్రామం ఆయన్ను చేర్చుకోలేదు. యాకోబు, యోహాను మండిపడి "ఆకాశం నుంచి అగ్ని దిగి వీళ్లను దహించమని చెప్పమంటావా" అని అడిగారు. ఆయన వాళ్లను గద్దించి వేరే గ్రామానికి వెళ్లాడు. యూదులకూ సమరయులకూ మధ్య ఉన్నది ఒకరోజు కోపం కాదు. క్రీస్తుకు పూర్వం రెండో శతాబ్దంలో యూదుల పాలకుడు హిర్కాను గెరిజీము కొండమీది సమరయుల ఆలయాన్ని కూల్చాడు. ఆ గాయం తరతరాలు నడిచింది.

తనకు తలుపు వేసిన ఆ జనంలోంచే తర్వాతి అధ్యాయంలో ఆయన తన కథకు మంచివాణ్ని ఎంచుకున్నాడు. నిన్న నన్ను గెంటేసినవాళ్ల గురించి ఈరోజు మంచి కథ చెప్పడం, అదీ వాళ్ల శత్రువుల ముందు! ప్రేమ మాటల్లో ఎలా ఉంటుందో చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను. వాళ్ల గ్రామానికి మళ్లీ వెళ్లి బతిమాలలేదు, వాళ్ల గురించి చెడు కూడా చెప్పలేదు.

ఇసుకరేణువు
ఈ చర్చలో నేను ఎక్కడ నిలబడాలో మొదట అర్థం కాలేదు. నేను వానచినుకు గారి స్థానంలో లేను. ఆ రెండో సిస్టర్ స్థానంలో ఉన్నాను. మనుషులు వేరు, ఊరు వేరు, పని మాత్రం అదే.

ఆరేళ్ల క్రితం నా స్నేహితురాలు తన కూతురి గురించి నాతో ఒక సంగతి చెప్పింది. ఎంత నమ్మితే చెప్పిందో ఇప్పుడు తలుచుకుంటే వణుకొస్తుంది. నేను ఇద్దరికి చెప్పాను. "ప్రార్థన చేయండి" అనే చెప్పాను. అబద్ధం కాదు, ప్రార్థన చేయాలనే ఉంది. కానీ లోపల ఇంకోటి కూడా ఉంది. ఆమె అందరికన్నా నన్నే నమ్ముతుంది అని వాళ్లకు తెలియాలని ఉంది. ఇది ఒప్పుకోవడానికి నాకు నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లూ "నేను మంచికే చేశాను, ఆమే అపార్థం చేసుకుంది" అని చెప్పుకుంటూ తిరిగాను. ఆమె ముభావంగా ఉంటే, చూశారా ఎలా పగ పెట్టుకుందో అని కూడా అన్నాను.

ఒకరోజు లేవీయకాండము 19 చదువుతున్నాను. "నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను" అన్న మాట అక్కడి నుంచే వచ్చిందని తెలుసు, 18వ వచనం. దానికి రెండు వచనాల ముందు ఏముందో ఎప్పుడూ పట్టించుకోలేదు. 16వ వచనం: కొండెములాడుచు (చాడీలు చెబుతూ) ఇంటింటికి తిరుగకూడదు. 17వ వచనం: నీ సహోదరుని మీద హృదయంలో పగ పట్టకూడదు, అతణ్ని తప్పక గద్దించాలి. ఆ తర్వాతే 18. నాకు ఇష్టమైన వచనం పక్కింట్లోనే నా పాపం ఉంది. ఆరోజు బైబిలు మూసేసి చాలాసేపు ఏడ్చాను.

మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో యోసేపును చూడండి. మరియ గర్భవతి అని తెలిసింది, తనకు అన్యాయం జరిగిందనే అనుకున్నాడు. అయినా ఆయన నీతిమంతుడు కాబట్టి ఆమెను అవమానపరచడం ఇష్టంలేక రహస్యంగా విడనాడాలనుకున్నాడు. దేవదూత ఇంకా రాలేదు, నిజం ఇంకా తెలియదు. నిజం తెలియకముందే ఒక స్త్రీ మర్యాదను కాపాడాలనుకోవడాన్ని లేఖనం నీతి అంటోంది. నా దగ్గర అది లేకపోయింది.

నా స్నేహితురాలి దగ్గరికి వెళ్లాను. "నీకు బాధ కలిగి ఉంటే క్షమించు" అనలేదు. ఆ "ఉంటే" తీసేయడానికి దారి పొడుగునా నాతో నేను పోట్లాడాను. "నీ మాట నేను బయటపెట్టాను, ప్రార్థన పేరు చెప్పి గొప్పకోసం పెట్టాను" అన్నాను. తర్వాత నేను చెప్పిన ఆ ఇద్దరి దగ్గరికీ వెళ్లి అదే చెప్పాను. సువార్తలో పన్నులు వసూలు చేసే జక్కయ్య అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానన్నాడు కదా. డబ్బయితే లెక్కపెట్టి ఇవ్వవచ్చు, మాటను ఎలా తిరిగి ఇవ్వాలి? నాకు తెలిసింది ఇంతే, అది వెళ్లిన ప్రతి గడపకూ నేను నడిచి వెళ్లడం.

ఆమె నన్ను క్షమించింది. మళ్లీ తన ఇంటి సంగతులు నాతో చెప్పదు. మొదట్లో నాకు అది శిక్షలా అనిపించేది. ఇప్పుడు అనిపించదు. ఆమె చెప్పకపోయినా ఆమె పక్కన కూర్చోనిస్తోంది, అదే నాకు ఎక్కువ. వానచినుకు గారూ, మీ సిస్టర్ తరఫున మాట్లాడే హక్కు నాకు లేదు. కానీ మీరు ఆమెకు మళ్లీ గుట్టు చెప్పకపోవడాన్ని ఆ వైపు నిలబడినదానిగా నేను అన్యాయం అనను.

నిశ్శబ్దనది
ఇసుకరేణువు గారూ, మా నాన్న ఈ మాటల్లో పదో వంతు అన్నా మా అమ్మకు చాలేది. మీరు రాసినందుకు ధన్యవాదాలు.

రెండోమైలు
నేను నా మొదటి పోస్ట్ మళ్లీ చదువుకున్నాను. ఆ దాసుడి ఉపమానం వాళ్లు వీళ్లు చెబితే కాదు, చెప్పిన చోటు చూసి అర్థం చేసుకోవాలి. దానికి ముందున్నదే "నువ్వు వెళ్లి ఒంటరిగా అతణ్ని గద్దించు" అన్న భాగం. నేను ఇరవై ఒకటో వచనం నుంచి మొదలుపెట్టి, పదిహేనోది వదిలేశాను. లూకా 17:3లో అయితే రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి: నీ సహోదరుడు తప్పిదం చేస్తే గద్దించు, మారుమనస్సు పొందితే క్షమించు.

గోధుమగింజ
రోమ్‌లో 1981 మే 13న పోపు రెండవ జాన్‌పాల్‌ను తుపాకీతో కాల్చారు. ఆసుపత్రిలో ఉండగానే ఆయన కాల్చినవాణ్ని క్షమిస్తున్నానన్నాడు. 1983 డిసెంబరు 27న జైలుకు వెళ్లి అతని పక్కన కూర్చుని మాట్లాడాడు. ఆ ఫోటో చాలామంది చూసే ఉంటారు. కానీ ఆ మనిషి ఆ మర్నాడే విడుదల కాలేదు. ఇటలీ అతనికి క్షమాభిక్ష పెట్టింది 2000లో. క్షమ మొదటి వారంలోనే వచ్చింది, ఇటలీ జైలు తలుపు తెరుచుకోవడానికి పంతొమ్మిదేళ్లు పట్టింది. ఆ రెండింటి మధ్య ఏ వైరుధ్యమూ లేదని నాకు అప్పుడే అనిపించింది.

పాతచెట్టు
రెండోమైలు బాబు అడిగిన భయానికి నేను ఇంకా సగమే జవాబు చెప్పాను. నమ్మకం ఎప్పటికీ రాకూడదా? రావచ్చు. యోసేపు కథ (పాత నిబంధనలో యోసేపు) ఆదికాండము 42 నుంచి 45 వరకు నిదానంగా చదవండి. తనను అమ్మేసిన అన్నలు ధాన్యం కోసం వచ్చారు. గుర్తుపట్టాడు. పక్కకు వెళ్లి ఏడ్చాడు. వాళ్ల గోనెల నిండా ధాన్యం పోయించాడు, వాళ్ల రూకలు కూడా రహస్యంగా తిరిగి పెట్టించాడు. ప్రేమ అప్పటికే ఉంది. కానీ "నేను యోసేపును" అని చెప్పలేదు. బెన్యామీను గోనెలో గిన్నె పెట్టించి చూశాడు, ఇప్పుడైనా తమ్ముణ్ని వదిలేసి పోతారా అని. అప్పుడు యూదా ముందుకొచ్చి "ఈ చిన్నవాడికి బదులు నన్ను దాసుడిగా ఉంచుకో" అన్నాడు. ఒకప్పుడు తమ్ముణ్ని అమ్మేద్దామన్నది ఈ యూదాయే. ఆ మాట విన్నాకే యోసేపు ఇక ఆపుకోలేక గట్టిగా ఏడ్చి తానెవరో చెప్పాడు.

పౌలూ మార్కూ అంతే. మార్కు సువార్త ప్రయాణం మధ్యలో వదిలి వెళ్లిపోయాడని పౌలు రెండోసారి వెంట తీసుకెళ్లనన్నాడు. దాని మీద తోటి సేవకుడు బర్నబాతో తీవ్రమైన వాదం జరిగి విడిపోయారు. చాలా కాలం తర్వాత అదే పౌలు, మార్కును వెంటబెట్టుకుని రా, అతడు నాకు ప్రయోజనకరుడు అని తిమోతికి రాశాడు. మధ్యలో ఏళ్లు గడిచాయి. బర్నబా లాంటివాడు ఒకడు మార్కును చేరదీశాడు. ఆ ఏళ్లను ఎవరూ తొందరపెట్టలేదు.

వానచినుకు
పది రోజులయింది నేను రాసి. అన్నీ మళ్లీ మళ్లీ చదివాను. మొన్న వెళ్లాను.

ఒంటరిగానే వెళ్లాను. ఆమె తలుపు తీసి నన్ను చూడగానే సంతోషపడింది, అన్నీ సర్దుకున్నాయనుకుంది. నాకు అప్పుడు తిరిగి వచ్చేయాలనిపించింది. కూర్చుని చెప్పాను, "నువ్వు చెప్పింది ప్రార్థన విన్నపం కాదు, నా భర్త పరువు. ఆయన ఆ ఆదివారం నుంచి మందిరం గడప తొక్కలేదు. నీ మీద నాకు పగ లేదు, నీ దగ్గర నేనేమీ వసూలు చేయను. కానీ నువ్వు చేసింది తప్పు." గొంతు వణికింది. ఇన్ని నెలల్లో ఆ మాట ఆమెతో నేను ఒక్కసారి కూడా అనలేదని అప్పుడే గుర్తొచ్చింది. అందరితో అన్నాను, ఆమెతో తప్ప.

మొదట వాదించింది. ప్రేమతోనే అంది. నేను జవాబు చెప్పలేదు. చాలాసేపు ఇద్దరం ఊరికే కూర్చున్నాం. తర్వాత ఆమె మెల్లగా "బావగారు మందిరానికి రాకపోవడం నా వల్లేనా? ఒంట్లో బాగోలేదేమో అనుకున్నాను" అంది. నిజంగానే తెలియదు ఆమెకు. ఎవరూ చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అప్పుడు ఏడ్చింది. ఇసుకరేణువు గారు రాసినది పేరు లేకుండా ఆమెకు చదివి వినిపించాను, మీరు ఏమీ అనుకోరు కదా. ఆ కూడికలో విన్నవాళ్లందరితో తానే మాట్లాడతానంది. మాట్లాడుతుందో లేదో చూడాలి.

మునుపటిలా లేము. ఉంటామని కూడా నేను అనలేదు, ఆమె అడగలేదు. కానీ వచ్చే ముందు ఆమె కొడుకు ఎలా ఉన్నాడని అడిగాను, ఆ మాట గొంతులోంచి మామూలుగానే వచ్చింది. ఈ ఆదివారం బల్ల దగ్గరికి వెళ్లినప్పుడు అడ్డేమీ పడలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకు అంతా చెప్పాను. ముందు కోపగించుకున్నారు, ఎందుకు వెళ్లావని. రాత్రి పడుకోబోతూ "నాతో కూడా వచ్చి చెబుతుందా?" అని అడిగారు. ఆమెను అడిగాను. శనివారం వస్తానంది.

పాతచెట్టు
తల్లీ, ఆయన సిద్ధంగా లేకపోతే ఆ రోజు వాయిదా వేయడానికి వెనుకాడవద్దు. ఆయన వేగమే ముఖ్యం.

వానచినుకు
అలాగేనండీ. ఆయనకు అదే చెప్పాను. రావద్దంటే ఆపేస్తానని.

ఇసుకరేణువు
చదివి వినిపించడం నాకు సంతోషమే అక్కా. శనివారం నేను ఉపవాసం ఉంటాను. మీ పేర్లు నాకు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఎవరి కోసం ఉంటున్నానో మా ఇంట్లో కూడా చెప్పను.